ఎదురొచ్చే మనిషి

ఢిల్లీ ద్వారకలో మా సొసైటీ బేస్‌మెంట్‌లో, కార్లు పైకెక్కే వాలు మొదట్లో ఒక స్తంభం ఉంది. దానికి పసుపూ నలుపూ పట్టీలు, వాటి మీద ఎవరి బంపరో గీరిన గాటు. రోజూ ఉదయం ఆఫీసుకు బయల్దేరినప్పుడు ఆ స్తంభం దగ్గర నా కాలు దానంతటదే బ్రేకు మీద పడుతుంది. వెనక ఎవరూ లేరని తెలుసు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. అయినా మెడ చాచి ఒకసారి చూసుకుని గానీ ముందుకు పోను.

మొదటిసారి ఆయన్ను అక్కడ చూసినప్పుడు భయపడ్డాను. వరంగల్ నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి గురుగ్రామ్ ఉద్యోగానికి వచ్చిపడ్డ కొత్త. ఢిల్లీ గురించి మావాళ్ళు చెప్పి పంపిన జాగ్రత్తలన్నీ ఇంకా చెవిలోనే ఉన్నాయి. మంకీ క్యాప్ పెట్టుకున్న ఒక పెద్దమనిషి, నా కారు కదలగానే గబుక్కున స్తంభం చాటుకు వెళ్ళారు. మర్నాడూ అంతే. గార్డుకు చెప్తే నవ్వాడు. "వో తో సబ్‌సే ఛుప్తే హైఁ, మేడం" అన్నాడు. నా ఒక్కదాని నుంచే కాదు, అందరి నుంచీ దాక్కుంటారట. అదేదో నాకు ధైర్యం అన్నట్టు చెప్పాడు.

ఓ వారం చూశాను. ఇక ఒళ్ళు మండి, ఒకరోజు ఇంజను ఆపి దిగి, స్తంభం ముందు నిలబడి, "అంకుల్‌జీ, క్యా ప్రాబ్లమ్ హై?" అని అడిగాను.

"కుఛ్ నహీఁ బేటా, ఆప్ జాయియే" అని స్తంభం వెనక నుంచి జవాబొచ్చింది. మాట హిందీయే. దాని రాగం మాత్రం కోనసీమ కాలవగట్టు మీదిది.

"తెలుగా మీరు?" అన్నాను.

"అయ్యో, మనవాళ్ళా? ఎంత సంతోషం. ఏ ఊరమ్మా మీది?" అని బోలెడు ఆనందపడ్డారు గానీ, మనిషి మాత్రం బయటికి రాలేదు. "ముందు నువ్వెళ్ళమ్మా. ఆఫీసుకి ఆలస్యం అవుద్ది. సాయంత్రం మా ఇంటికి రా, సి బ్లాకు. మాట్లాడుకుందాం."

స్తంభంతో మాట్లాడినట్టు మాట్లాడి వెళ్ళిపోయాను. ఆ పూట ఆఫీసులో ఏ మీటింగులో కూర్చున్నా అదే ఆలోచన.

సాయంత్రం వెళ్తే ఆంటీ పెసరట్లు పోసి పెట్టారు. మనిషి గలగల మాట్లాడుతూనే చేతి పని ఆపని రకం. అంకుల్ ఏదో కేంద్ర ప్రభుత్వ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఏ శాఖో చాలాసార్లు చెప్పారు, నాకే గుర్తుండదు. నేను స్తంభం సంగతి ఎత్తగానే ఆయన చట్నీ గిన్నెలోకి చూస్తూ, "ఏం లేదమ్మా, అలవాటు" అన్నారు.

ఆంటీ వంటింట్లోంచి అందుకున్నారు. "నీకు స్తంభమే. నేను బజారుకి బయల్దేరితే బాత్రూంలోకి పోయి గడియెట్టుకుంటారు. మా పెళ్ళికి తరలివచ్చినప్పుడు కూడా, పందిట్లోకి ఎదురుగా రాకుండా పక్కనుంచి వచ్చేరు. పెళ్ళికొడుకు తప్పిపోయేడని మా నాన్న హడలిపోయేరు."

ఆయన మెల్లగా నవ్వారు తప్ప కాదనలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, "అమ్మాయ్, నీకు కారుంది కదా. ఆదివారం పాత కార్ల పండగ ఏదో ఉందిట. నన్ను తీసుకెళ్తావా?" అని అడిగారు. పెసరట్టు తిన్న నోటితో కాదనడం కష్టం.

నాకు కారంటే ఏసీ పనిచెయ్యాలి, పార్కింగు దొరకాలి. అంతకుమించి ఆసక్తి లేదు. ఆ ఆదివారం నడి ఢిల్లీలో ఒక పెద్ద మైదానం నిండా తాతల కాలం నాటి కార్లు తళతళలాడుతూ నిలబడి ఉన్నాయి. పదేళ్ళ డీజిలు కారు రోడ్డెక్కితే పట్టుకుపోయే ఊళ్ళో, ముత్తాత వయసు బండ్లకు పూలదండలు. వాటి యజమానులు మెత్తటి గుడ్డలతో పిల్లల ముక్కు తుడిచినట్టు దీపాలు తుడుస్తున్నారు. అవన్నీ అక్కడ బయల్దేరి, గురుగ్రామ్ వైపు వెళ్ళి, సాయంత్రానికి మళ్ళీ అక్కడికే తిరిగి రావాలి.

గేటు దగ్గరే మొదటి గొడవ. సెక్యూరిటీ వాడు అంకుల్ గుడ్డసంచీలో చెయ్యి పెట్టి ఒక ఇత్తడి చెంబు బయటికి తీశాడు. "యే క్యా హై?" అన్నాడు. "లోటా హై" అన్నారు అంకుల్ గౌరవంగా. లోటా అంటే ఇక్కడి వాళ్ళకు గుర్తొచ్చే పని ఒక్కటే. వాడు జాలిగా ఆయన వయసు చూసి, "టాయ్‌లెట్ ఉధర్ హై, అంకుల్‌జీ" అని దారి చూపించాడు. వెనక నిలబడ్డ కుర్రకారు నవ్వింది. నేను తల దించుకుని ఫోను చూసుకున్నాను. అంకుల్ మాత్రం, "ఠీక్ హై, ఠీక్ హై" అంటూ చెంబు సంచీలో వేసుకుని దర్జాగా లోపలికి నడిచారు.

లోపల ఆయన్ను చూస్తే నాకేమీ అర్థం కాలేదు. కారు ఏ కంపెనీదో చదవరు. బానెట్ ఎత్తి చూపిస్తామన్నా చూడరు. ఒక యజమాని పాపం తన బండి చరిత్రంతా చెప్పుకొచ్చి, "మీకు ఏ మోడల్ ఇష్టం?" అని అడిగితే, "కారు అంటే కారే కదండీ" అన్నారు. ఆయన చూసేవల్లా చక్రాలు. ఏది ముందు కదులుతుందా అని.

జెండా ఊపే సమయం అయింది. మినరల్ వాటర్ సీసా కొనుక్కుని, దాన్ని చెంబులోకి అంచుదాకా వంపుకున్నారు. తాడు కింద నుంచి దూరి రోడ్డు మీదికి వెళ్ళారు. కొంత దూరం పోయి వెనక్కి తిరిగి, రెండు చేతుల్తో చెంబు పట్టుకుని, మొదటి కారుకు ఎదురుగా నడవడం మొదలుపెట్టారు. కుడికాలు ముందు. తొణకని నడక. ముఖంలో చిన్న నవ్వు. చెంబులో నీళ్ళు, మంకీ క్యాప్, స్వెటర్ మీద స్వెటర్. కారు దగ్గరపడగానే పక్కకు తప్పుకుని, మళ్ళీ ముందుకు పోయి, రెండో కారుకు ఎదురు.

వాలంటీర్లు ఈలలు వేశారు. "అంకుల్‌జీ, సామ్‌నే సే హటియే" అని మైకులో కేకలు. ఎవరో భుజం పట్టుకుని లాగితే, చెంబు ఒలకకుండా చూసుకుంటూ వాడి చేతికిందుగా జారి మళ్ళీ వచ్చారు. ఫోటోలో పడాలనే సరదా కాబోలనుకుని నేను నాలుగు ఫోటోలు తీశాను. అన్నిట్లోనూ ఆయన చూపు టైర్ల మీదే ఉంది.

కార్లన్నీ వెళ్ళిపోయాయి. ఇక ఇంటికి పోదామంటే ఆయన కదలరు. "అన్నీ తిరిగి రావాలి కదమ్మా" అన్నారు. గడ్డిలో కూర్చున్నారు. నేను ఛోలే భటూరే తెచ్చిస్తే ముట్టలేదు. మధ్యాహ్నం అయింది, ఎండ వాలింది. ఒక్కొక్క కారే తిరిగి వస్తుంటే వేలు మడిచి లెక్కపెట్టుకున్నారు. ఒక్కటి రాలేదు. పిస్తా రంగు కారు, ఒక సర్దార్జీది. పొద్దున అంకుల్‌ను తిట్టకుండా చెయ్యెత్తి నమస్కారం పెట్టినది ఆయనొక్కరే.

చీకటి పడబోతుండగా పిస్తా కారు వచ్చింది, టోయింగ్ లారీ వెనక ఎక్కి. అంకుల్ ముఖం చూడలేకపోయాను. చెంబులో మిగిలిన నీళ్ళు గడ్డిలో పారబోసి, "నా వల్లే" అన్నారు. లారీ కేబిన్‌లోంచి దిగిన సర్దార్జీతోనూ హిందీలో అదే మాట చెప్పి, చేతులు జోడించారు.

సర్దార్జీ తికమకపడ్డారు. తర్వాత పకపక నవ్వారు. "అరే అంకుల్‌జీ, ఇది ప్రతి ఏడూ ఆగిపోతుంది. మా నాన్న హయాంలోనూ ఆగేది" అని హిందీలో చెప్పి, లారీ వైపు చెయ్యి చూపించి, "ఆయీ తో హై నా?" అన్నారు. వచ్చింది కదా, అని.

"వచ్చింది కదా" అని అంకుల్ తనలో తాను అనుకున్నారు. అలా అనుకోవచ్చో కూడదో తేల్చుకోలేకపోతున్నారు.

ఇంటికి వెళ్తూ ధౌలా కువాఁ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. నాకు ఆకలి, చిరాకు. "అంకుల్, ఇదంతా ఏంది? నాకైతే ఒక్క ముక్క సమజ్ కాలే" అన్నాను.

అప్పుడు చెప్పారు. ఎదుటి కారు ఎర్ర దీపాల వంక చూస్తూ, ఎవరి సంగతో చెప్పినట్టు.

"మా పక్కిల్లు ప్లీడరు గారిది. వీధి మొత్తానికి ఆయనదొక్కటే కారు. నల్లటిది, పక్కన కాలు పెట్టి ఎక్కడానికి మెట్టుండేది. ఓసారి ఆయన కోర్టుకి బయల్దేరుతుంటే నేను చెంబుతో నీళ్ళు పట్టుకుని ఎదురొచ్చేను. చిన్నవాణ్ణి, నాకేం తెలుసు. ఆ కేసు గెలిచేరు. ఇంక చూడు, ప్రతీ వాయిదాకీ నేనే. ఆయన తల్లి, మామ్మగారని పిలిచేవాళ్ళం, నాకు నిండు చెంబిచ్చి వీధి చివర నిలబెట్టేవారు. కారు కదలగానే నడుచుకుంటూ రావాలి. వచ్చేక బెల్లం ముక్క పెట్టేవారు. వీడి ఎదురు బంగారం అనేవారు. ఊళ్ళో పెళ్ళిచూపులకి వెళ్ళేవాళ్ళూ నన్నే పిలిచేవారు."

"మంచిగనే ఉంది కదా మరి" అన్నాను.

"ఆయ్, అన్నాళ్ళూ బాగానే ఉంది. ఓరోజు ఆయన కూతుర్ని పరీక్షకి తీసుకెళ్తున్నారు. నేనే ఎదురొచ్చేను. ఎప్పట్లాగే నిండు చెంబు, కుడికాలు. మలుపులో కారు కాలవలోకి పోయింది. డ్రైవరు ఈదుకుని ఒడ్డుకొచ్చేడు. వాళ్ళిద్దరూ రాలేదు."

ముందు కారు కదిలింది. నేను కదలలేదు. వెనక హారన్లు మోగాయి.

"మామ్మగారు నన్నేం అన్లేదమ్మా. నా వేపు చూడ్డం మానేసేరు, అంతే. ఆ తర్వాత వీధిలో ఎవరు బయల్దేరినా, ముందు నేనెక్కడున్నానో చూసుకునేవారు. మా అమ్మ కూడా. గుమ్మం దాటేముందు, ఒరే, నూతి దగ్గర చెంబుందేమో చూసి రారా, అనేది. నేను పెరట్లోకెళ్ళేవాణ్ణి. చెంబుండేది కాదు. వచ్చేసరికి అమ్మ వెళ్ళిపోయేది."

చదువుకున్నదాన్ని కాబట్టి చదువుకున్న మాటలే నోటికొచ్చాయి. డ్రైవర్ నిద్రపోయిండేమో, రోడ్డు మంచిగ లేదేమో, చిన్న పిల్లగాడు నడిచొస్తే కారుకేం అయితది, అని ఏవేవో అన్నాను.

"అవునమ్మా. నాకూ ఆ మాత్రం బుద్ధుంది. ఇన్నేళ్ళు సర్కారు ఫైళ్ళు చూసినోణ్ణి" అన్నారు. "కేసులు గెలిచింది ఆయన వాదనకి, నాకు కాదు. కారు కాలవలో పడింది మలుపు వల్ల, నా వల్ల కాదు. లెక్కకి అలాగే తేలుద్ది. కానీ మా అమ్మకి ఎందుకలా అనిపించింది? నాది మంచి ఎదురో, చెడ్డ ఎదురో, అదొక్కటి తేలితే చాలు నాకు."

"తేల్చుకోనికి పాత కార్లే ఎందుకు?"

"కొత్త కార్లలో మనుషులు పనుల మీద పోతారు కదా. ఆఫీసులు, ఆసుపత్రులు, పిల్లల పరీక్షలు. వాటికి ఎదురు రావడానికి నాకు గుండె చాలదు. ఇవైతే ఊరికే సరదాకి తిరిగొచ్చే బళ్ళు. చెడిపోడానికి ఏ పనీ లేదు. తిరిగొస్తే చాలు."

అంత తిక్కలో అంత లెక్క ఉంటుందని నేననుకోలేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ చలికాలం మొదలుకుని, ఎక్కడ పాత కార్ల ప్రదర్శన జరిగినా నా ఆదివారం ఆయనదే అయింది.

ఆయన్ను నిజంగా ఆనందంగా చూసింది మాత్రం ఒక్కసారే. మానేసర్ అవతల పాత వాహనాల మ్యూజియం ఒకటి ఉంటే, ఆంటీని కూడా ఎక్కించుకుని వెళ్ళాం. మూడంతస్తుల నిండా బండ్లు. అన్నీ పీఠాల మీద, బ్యాటరీ తీసేసి, కదలకుండా. అంకుల్ గుమ్మంలో నిలబడి ఊపిరి వదిలారు. "ఇవెక్కడికీ బయల్దేరవు కదమ్మా" అన్నారు.

ఇక పట్టుకోలేకపోయాం. ప్రతి కారుకూ ఎదురుగా వెళ్ళారు. గుర్రపు బండికి ఎదురెళ్ళారు, రైలు పెట్టెకు ఎదురెళ్ళారు, తాడు కట్టి వేలాడదీసిన చిన్న విమానానికి కూడా ఎదురెళ్ళారు. చెంబు గేటు దగ్గర కౌంటర్లో ఉండిపోయింది. అయినా చేతులు రెండూ గుండెల దగ్గర గుండ్రంగా పట్టుకునే నడిచారు.

నేను ఆటపట్టించాను. "అంకుల్, మీ శాస్త్రంల మంచి ఎదురు ఎవరెవరు?"

"ముత్తైదువ, నీళ్ళబిందె, పాలు, ఆవూ దూడా. చెడ్డవంటావా, పిల్లి, ఒంటి బ్రాహ్మడు, నూనె కుండ, కట్టెల మోపు, మొగుడు పోయిన ఆడది."

"ఆ చివరిది ఎవరు పెట్టేరో గానీ, ఆవిడకి బజారు పనుండదనుకున్నాడు కాబోలు" అన్నారు ఆంటీ వాటర్ బాటిల్ మూత తిప్పుతూ.

"నన్నంటే ఏం లాభం, నేను పెట్టేనా?" అన్నారు అంకుల్. "అన్నిటికన్నా గొప్పదొకటుందమ్మాయ్. శవం. శవం ఎదురైతే ఆ పనికి తిరుగుండదంటారు. బతికున్నన్నాళ్ళూ అనుమానమే, పోయేక మటుకు గ్యారంటీ."

"ఛీ, ఏం మాటలవి" అని ఆంటీ విసుక్కున్నారు. నేను నవ్వాను. "మరి ఇంతమందిల మీరెక్కడ అంకుల్?"

"నేను ఏ వేపూ లేనమ్మా. అదే కదా తకరారు" అన్నారు.

పై అంతస్తులో కిటికీ పక్కన ఒక నల్ల కారు ఉంది. పక్కన కాలు పెట్టి ఎక్కే మెట్టు. మాకెవరూ చెప్పనక్కర్లేకపోయింది. అంకుల్ ఆగిపోయారు. చాలాసేపు దూరం నుంచే చూశారు. తర్వాత హాలు ఆ చివరికి వెళ్ళి, తిరిగి, ఖాళీ చేతుల్లో లేని చెంబు పట్టుకుని, కుడికాలు ముందు పెట్టి, నడుచుకుంటూ వచ్చారు. కారు కదలలేదు. ఆయన దాని ముందు మడ్గార్డు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. ముట్టుకోరాదని బోర్డుంది. గార్డు ఈల వేశాడు. ఆంటీ గార్డు వైపు చూసిన చూపుకు వాడు ఈల జేబులో పెట్టుకున్నాడు.

తిరిగి వస్తుంటే ఆయన వెనక సీట్లో నిద్రపోయారు. ఇంతకీ ఆయనకు మనసు తేలికైందా, బరువెక్కిందా అని ఆంటీని అడిగాను. "నాకూ తెలీదమ్మా. నలభయ్యేళ్ళై అదే చూస్తున్నాను" అన్నారు.

తర్వాతి ఏడు నుంచి పిస్తా కారు సర్దార్జీ కొత్త పద్ధతి పెట్టారు. అంకుల్ ఎదురొస్తే గానీ బండి కదిలించరు. మైకు వాళ్ళు ఎంత మొత్తుకున్నా, "పహలే హమారే అంకుల్‌జీ" అనేవారు. అంకుల్ నడిచేవారు, కారు బయల్దేరేది, సాయంత్రం లారీ మీద వచ్చేది. ఇద్దరూ చేతులు కలుపుకునేవారు. వచ్చింది కదా, అని ఆయన. వచ్చింది, అని ఈయన. ఇది శుభమో అశుభమో చెప్పమంటే నా వల్ల కాదు.

కానీ మా బేస్‌మెంట్ స్తంభం మాత్రం మారలేదు. ఒకసారి నాకు పెద్ద ఇంటర్వ్యూ ఉండి, ఎందుకో బెదురుగా అనిపించి, అద్దం దించి పిలిచాను. "అంకుల్, ఇయ్యాల మీరు ఎదురు రావాలె. నాకేం భయం లేదు, రండి."

చాటు నుంచి మంకీ క్యాప్ కొంచెం కదిలింది. వస్తున్నారనే అనుకున్నాను. "వద్దమ్మా. నువ్వు తిరిగి రావాలి కదా" అన్నారు.

ఆ ఉద్యోగం రాలేదు. సాయంత్రం చెప్తే, "చూసేవా, నేను రాకపోయినా పోయింది" అని సంబరపడ్డారు. ఉద్యోగం చేజారిన నాకు ఆయన సంబరం చూసి కోపం రావాలి. రాలేదు.

పోయిన చలికాలం పొగ ఆయన ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఢిల్లీ పొగకు ముసలివాళ్ళంటే కాస్త ఎక్కువ మక్కువ. నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆయనకు ఆక్సిజన్ మాస్కు పెట్టి ఉంది. ఆ ఆదివారమే ప్రదర్శన. వేలితో దగ్గరికి పిలిచి, మాస్కు కొంచెం పక్కకు జరిపి, "ఈసారి నువ్వెళ్ళు. ఎదురు రానక్కర్లేదు. అన్నీ తిరిగొచ్చేయో లేదో చూసి చెప్పు" అన్నారు. నేను సరేనన్నాను. పిస్తా కారు లారీ మీదొస్తే అది వచ్చినట్టేనా అని అడిగాను. కళ్ళతో నవ్వారు.

ఆదివారం పొద్దున మంచు ఇంకా విడలేదు. బేస్‌మెంట్‌లో స్తంభం దగ్గర ఎవరూ లేరు. వాలు ఎక్కి, మలుపు తిరిగి, మెయిన్ గేటు దగ్గరికి వచ్చేసరికి మంచులోంచి రెండు లైట్లు నా ముందుకొచ్చి ఆగాయి. తెల్ల వ్యాను. దాని ముక్కూ నా కారు ముక్కూ ఎదురెదురు. గార్డు పరిగెత్తుకొచ్చి, "పీఛే లీజియే మేడం, బాడీ హై" అన్నాడు. వెనక్కి తీయండి, శవం ఉంది, అని.

ఎవరని అడిగాను. వాడు వేలెత్తి సి బ్లాకు చూపించాడు. వ్యాను వెనక సీట్లో ఆంటీ శాలువా కనిపించింది.

నేను రివర్సు వెయ్యలేకపోయాను. మా సొసైటీలో ఇన్నేళ్ళలో ఒక్క మనిషికీ ఎదురు రాని ఆయన, వచ్చి వచ్చి నాకు ఎదురొచ్చారు. అదీ ఏ పేచీకీ తావులేని పద్ధతిలో. గ్యారంటీ అని ఆయనే చెప్పిన పద్ధతిలో. స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. మధ్యలో నవ్వు కూడా వచ్చింది. గార్డు కంగారుపడి, తనే తలుపు తీసి, నన్ను పక్కకు జరగమని కారు వెనక్కి తీశాడు.

ప్రదర్శనకు వెళ్ళలేదు. నిగమ్ బోధ్ ఘాట్ శ్మశానం నుంచి వచ్చి స్నానం చేశాక, ఆయన అప్పజెప్పిన పని గుర్తొచ్చి సర్దార్జీకి ఫోను చేశాను. సంగతి చెప్పాను. పొద్దున ఆయన కోసం చూసి చూసి ఆలస్యంగా బయల్దేరానన్నారు. "అన్నీ తిరిగొచ్చాయా?" అని అడిగాను.

"సబ్ ఆ గయీఁ" అన్నారు. కొంచెం ఆగి, "మేరీ భీ. ట్రక్ పే" అన్నారు. ఆయనదీ వచ్చింది, లారీ మీద.

ఆ మాట ఎవరికి చెప్పాలి? చెప్పమన్న మనిషి లేరు. ఆంటీ దగ్గరికి వెళ్ళి, చుట్టాల మధ్య కూర్చున్న ఆవిడ చెవిలో, "అన్ని కార్లు తిరిగొచ్చినయి ఆంటీ" అన్నాను. ఆవిడ నా చెయ్యి నొక్కి, "నీకు ఎదురొచ్చేరట కదా. గార్డు చెప్పేడు" అన్నారు.

కార్యక్రమాలయ్యాయి, చుట్టాలు వెళ్ళిపోయారు. ఒక సోమవారం మళ్ళీ ఆఫీసుకు బయల్దేరాను. స్తంభం దగ్గర, అలవాటైన చోట, ఒక శాలువా అంచు చటుక్కున వెనక్కి పోయింది. ఇంజను ఆపి దిగాను.

ఆంటీ. నుదుట బొట్టు లేదు. చేతిలో పాల ప్యాకెట్.

"మీరేంది ఆంటీ ఇక్కడ?"

"పాల కోసం దిగేనమ్మా. నువ్వెళ్ళు ముందు. ఆఫీసుకి ఆలస్యం అవుద్ది."

బజారు పనుండదనుకున్నాడు కాబోలు అని మ్యూజియంలో వేళాకోళం ఆడిన మనిషి. ఇప్పుడు ఆ స్తంభం వెనకే, ఆయన నిలబడిన చోటే, వీపు గోడకు ఆనించి నిలబడ్డారు. నాకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. ఆంటీ మీద కాదు. కోనసీమలో ఏ పెరట్లోనో, లేని చెంబు కోసం వెతుకుతున్న పిల్లవాడు కళ్ళముందు కనిపించాడు.

"చేతుల పాలున్నయి కదా ఆంటీ. పాలు మంచి ఎదురే కదా" అన్నాను.

"పాలు మంచివేనమ్మా. పట్టుకుంది నేను కదా."

"అంకుల్‌ను ఎన్నిసార్లు పిలిచినా రాలే. మీరన్నా రండి" అన్నాను. ఆవిడ కదలలేదు. నేను వెళ్ళి కార్లో కూర్చున్నాను. స్టార్ట్ చేయలేదు. వెనక ఇంకో కారు వచ్చి హారను కొట్టింది. తర్వాత ఇంకోటి. అయినా స్టార్ట్ చేయలేదు.

చివరికి ఆంటీ స్తంభం చాటు నుంచి బయటికి వచ్చారు. వాలు పైదాకా వెళ్ళి, తిరిగి, పాల ప్యాకెట్ రెండు చేతుల్తో గుండెల దగ్గర పట్టుకుని, కుడికాలు ముందు పెట్టి, నా కారుకు ఎదురుగా నడుచుకుంటూ వచ్చారు. ఆవిడ చూపు కూడా టైర్ల మీదే ఉంది.

ఆ రోజు నేను ఎన్నడూ లేనంత నెమ్మదిగా నడిపాను. పక్క లేన్ల వాళ్ళు నన్ను తిట్టుకుంటూ దాటిపోయారు. నాకు శకునాల మీద నమ్మకం లేదు. కానీ తిరిగి రావాలని అంత గట్టిగా ఎప్పుడూ అనుకోలేదు.

సాయంత్రం గేటు లోపలికి తిప్పేసరికి, చలిలో, గార్డు గది పక్క బల్ల మీద ఆంటీ కూర్చుని ఉన్నారు. ఎప్పుడొచ్చి కూర్చున్నారో. నా కారు చూసి లేచి, చీర మోకాళ్ళ దగ్గర దులుపుకున్నారు.

"వచ్చేసేవా" అన్నారు.

"వచ్చేసిన ఆంటీ" అన్నాను.